ఆరున్నొక్కటి అనని అవధాని

చిత్రగిరి కోటలో భోజనం పాడైపోయింది. తప్పు ఉప్పుది కాదు, లెక్కది.

ఆ లెక్క తెచ్చినవాడు యజ్ఞావధాని అనే పండితుడు. రాజు ఎర్రభూపతి వింతలంటే చెవి కోసుకుంటాడు. అది కనిపెట్టిన అవధాని సభకు వచ్చిన రోజే, "ప్రభూ, మనసులో ఒక సంఖ్య తలచుకోండి. నాకు చెప్పొద్దు," అన్నాడు.

రాజు తలచుకున్నాడు.

"రెట్టింపు చెయ్యండి. పది కలపండి. వచ్చినదాన్ని సగం చెయ్యండి. అందులోంచి మొదట తలచుకున్నది తీసెయ్యండి. ఇప్పుడు తమరి మనసులో ఉన్నది ఐదు!"

నిజంగానే ఐదు. రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు.

"మనసు చదివేస్తున్నాడయ్యా!"

మర్నాడు పన్నెండు కలపమని, ఆరు అన్నాడు. ఆ పైరోజు ఇంకేదో. ఎప్పుడూ తప్పలేదు. రాజు మురిసిపోయి, ఇకమీదట ఎవరి మనసు వంకరని అవధాని చెబితే వాళ్లు కోట వదిలి పోవాల్సిందేనని ఆజ్ఞ వేశాడు.

అవధాని మొదట చదివిన మనసు వంటశాల పెద్ద బయ్యనది. బయ్యన చేసిన పాపం ఒక్కటే. అవధాని మళ్లీ అరిసెలు వెయ్యమంటే, "అమ్మవారి నైవేద్యానికి ఉంచినవండీ, కుదరదు," అన్నాడు.

"వీడి మనసులో విషం ఉంది ప్రభూ," అన్నాడు అవధాని.

రాజుగారి పుట్టినరోజు దాటగానే బయ్యన పెళ్లాం బిడ్డలతో కోట విడిచి పోవాలి. అప్పటిదాకా గరిటె ముట్టకూడదు. అందుకే పప్పు మాడింది, చారు నీళ్లయింది.

బయ్యన రాణిగారి చెలికత్తె కామసాని దగ్గరికి పోయాడు.

"నా మనసులో ఏముందో నాకే తెలీదు. ఆయనకెట్లా తెలిసిందమ్మా?"

"నీ మనసు సంగతి వదిలెయ్. ఆయన కలపమనే సంఖ్య మీద నాకు అనుమానం. ఒకేలాంటి గిన్నెలు రెండు మూతలతో సహా తెచ్చిపెట్టు. కాసిని అరిసెలు కూడా."

పుట్టినరోజు సభలో కామసాని చేతులు కట్టుకుని నిలబడింది.

"అవధానిగారూ, రోజూ ఏం కలపాలో మీరే చెబుతారు. ఇవాళ ఆ ఒక్క ముక్కా నన్ను చెప్పనిస్తారా?"

"నువ్వు చెప్పినా ఒకటే, మీ పెరట్లో గేదె చెప్పినా ఒకటే. చదివేది నేను కదా!"

రాజు సంఖ్య తలచుకున్నాడు. రెట్టింపు చేశాడు.

"పద్నాలుగు కలపండి ప్రభూ," అంది కామసాని.

రాజు కలిపాడు, సగం చేశాడు, తలచుకున్నది తీసేశాడు. అవధాని మీసం దువ్వుకుని గట్టిగా అరిచాడు.

"ఏడు!"

సభంతా బిగుసుకుపోయింది. వడ్లు కొలిచేవాడు కూడా ఆరు తర్వాత ఆ మాట అనడు, 'ఆరున్నొక్కటి' అంటాడు. అలాంటిది పుట్టినరోజు పూట, రాజు మొహం మీదే!

"నన్ను ఏడవమంటున్నావా?" అన్నాడు ఎర్రభూపతి.

"అయ్యయ్యో, నేనా? సంఖ్య ప్రభూ, వట్టి సంఖ్య..."

కామసాని జాలిగా తల ఊపింది.

"పాపం, అవధానిగారిని ఏమీ అనకండి ప్రభూ. తమరి మనసులో ఉన్న ఏడుపునే కదా ఆయన చదివింది!"

"నా మనసులో ఏడుపా?"

"లేదు లేదు!" అవధాని రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "తమరి మనసు నేను చూడనేలేదు! తమరేం తలచుకున్నా ఆరున్నొక్కటే వస్తుంది! ఈవిడ పద్నాలుగు కలపమంది, అందులో సగం, అంతే!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

కామసాని మూతపెట్టిన గిన్నెలు రెండూ ముందు పెట్టి, పక్కన పద్నాలుగు అరిసెలు పేర్చింది.

"గిన్నె అంటే తమరు తలచుకున్న సంఖ్య. లోపల ఎంతుందో మనకు తెలీదు. రెట్టింపు చేస్తే రెండు గిన్నెలు. కలిపినవి ఈ అరిసెలు. అంతా సగం చేస్తే ఒక గిన్నె, ఆరున్నొక్క అరిసెలు. తలచుకున్నది తీసెయ్యమన్నారు, గిన్నె పోయింది. మిగిలినవి అరిసెలే. ఇందులో మూత తీసే పని ఎక్కడ పడింది ప్రభూ?"

రాజు ఉండబట్టలేక మూత తీశాడు. గిన్నె ఖాళీ.

"బయ్యన మనసులో అవధానిగారు చదివింది కూడా అంతే!" అంది కామసాని.

ముందు రాణి నవ్వింది, తర్వాత రాజు, ఆ తర్వాత సభంతా. బయ్యనకు గరిటె తిరిగొచ్చింది. రాజు తన మెళ్లో ముత్యాల హారం తీసి కామసానికిచ్చి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"అవధానిగారి విస్తరి మీద పెత్తనం ఇప్పించండి."

విందులో అవధాని ముందు నిలబడి కామసాని అడిగింది. "ఎన్ని అరిసెలు కావాలో మనసులో తలచుకోండి. రెట్టింపు చెయ్యండి."

అవధాని మొహం విప్పారింది.

"ఏమీ కలపకండి. సగం చెయ్యండి. తలచుకున్నవి తీసెయ్యండి. ఎన్ని?"

అవధాని వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు.

"సున్నా," అని గొణిగాడు.

"బయ్యనా, పండితులవారికి అన్నే వెయ్యి. ఒక్కటి కూడా తగ్గనివ్వకు!"

పంక్తి పంక్తంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అవధాని ఆ కోటలో ఉన్నంతకాలం అరిసెలు ఈ లెక్కనే వడ్డించాలని కామసాని అక్కడే నిర్ణయించుకుంది. ఒక్క పండక్కీ లెక్క తప్పలేదు.