పేరయ్యశెట్టి బిళ్లలు

విమలానందస్వామి ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. అది తెలిసి కూడా, ఆయన జ్వరంతో మంచం పట్టిన ఆ వర్షాకాలం శిష్యుడు దక్షిణామూర్తి ఆగలేకపోయాడు.

"రేపు తమరు లేకపోతే తమరి మాట చెల్లుతుందా స్వామీ?" అనేసి నాలుక కరుచుకున్నాడు.

స్వామి నొచ్చుకోలేదు. దిండుకు చేరగిలబడి, చిన్నతనంలో తమ ఊళ్లో చూసిన సంగతి చెప్పారు.

యుద్ధం రోజులు. బజారులో చిల్లర మాయమైంది. కిరాణా వ్యాపారి పేరయ్యశెట్టి తన ముద్ర కొట్టించిన ఇత్తడి బిళ్లలు చిల్లరకు బదులుగా ఇవ్వసాగాడు. ఎవరు తిరిగి తెచ్చినా సరుకిచ్చేవాడు. అందుకని బజారంతా వాటిని తీసుకునేది.

ఒక ఉదయం పేరయ్య పోయాడు. కొట్టు మూశారు. మైల తీరేదాకా ఆ ఇంట్లో ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు. ఆ తర్వాత కొడుకు ఏమంటాడో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికల్లా ఆ బిళ్లలు ముట్టుకునేవాడు లేడు.

ఇడ్లీలమ్మే సూరమ్మ దగ్గర ఉన్నవన్నీ ఆ బిళ్లలే. సాయంత్రంలోగా మినప్పప్పు నానబోయకపోతే మర్నాడు బేరం లేదు, పిల్లలకు తిండి లేదు. పేరయ్య ఇంటి గుమ్మం దాకా వెళ్లింది. లోపల ఏడుపులు విని, అడగడానికి నోరు రాక తిరిగొచ్చింది. కొట్టు కొట్టూ ఎక్కి దిగింది. చివరికి పేరయ్యతో ఏనాడూ పడని చిదంబరశెట్టి ముందు నిలబడింది.

"మీకూ ఆయనకీ పడదని తెలుసు బాబూ..."

"ఊరందరికీ తెలుసులే. పప్పు ఎంత కావాలి?"

తూచి ఇచ్చి, బిళ్లలు గల్లాపెట్టెలో వేసుకున్నాడు. ఆమె వెళ్లగానే గుమస్తా గొణిగాడు. "ఆ కుర్రాడు కాదంటే ఇవి చెంబు చేయించుకోవడానిక్కూడా చాలవండీ."

"కుర్రాడి సంగతి నాకేం తెలుసురా? వాళ్ల నాన్నతో ఇరవై ఏళ్లు కొట్లాడాను. ఆయన తూకంలో తప్పు పట్టుకుందామని చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. దొరికితేనా!"

స్వామి అక్కడ ఆపి, మంచినీళ్లు అందుకున్నారు. దక్షిణామూర్తి తట్టుకోలేకపోయాడు.

"మైల తీరాక ఆ కొడుకు బిళ్లలు తీసుకున్నాడా స్వామీ?"

స్వామి ఖాళీ గ్లాసు అతని చేతిలో పెట్టారు.

"అది చెప్పాల్సింది పేరయ్య కాదు కదయ్యా, వెనక మిగిలినవాడు," అన్నారు.