గోడ కూలే తేదీ

జీడివలసలో పైడిరాజు ఇల్లెక్కడ అని ఎవర్నడిగినా నవ్వుతూ చెబుతారు. ఎందుకు నవ్వుతారో పైడిరాజుకి తెలీదు. తమ తెలివంటే ఊరికి ముచ్చట అనుకుంటాడు. "మన ఇంట్లో ఉన్న బుర్రలు తలా కాస్త పంచిపెడితే ఊరు ఊరంతా బాగుపడిపోతాది" అని రోజూ మీసం దువ్వుకుంటూ అంటాడు. "నిజమే అన్నయ్యా" అంటారు తమ్ముళ్ళు గవర్రాజూ, సన్యాసీ. "మరే" అంటుంది పెళ్ళాం నూకాలు.

ఎవరేం చెప్పినా అక్షరాలా పట్టుకోవడమే ఆ ఇంటి తెలివి. ఓసారి బస్సులో 'కదులుతున్న బస్సు నుండి దిగరాదు' అని రాసుంది. బస్సు వాళ్ళ ఊళ్ళో ఆగింది. కానీ డ్రైవరు ఇంజను ఆపలేదు, సీటు గడగడా వణుకుతోంది. వణికితే కదిలినట్టే కదా! అంతే, నలుగురూ దిగలేదు. డిపోలో ఇంజను ఆగాక దిగి, పొలం గట్లమ్మట నడిచి నడిచి ఇల్లు చేరారు. "ఊళ్ళోవాళ్ళంతా రూలు తప్పారు, మనం తప్పలేదు" అని నెల్లాళ్ళు చెప్పుకున్నారు.

ఆ ఇంట్లో మామూలు మనిషి ఒక్క రవణమ్మే. పైడిరాజు కూతురు, ఐదో క్లాసు. నవంబరు తొమ్మిదిన బళ్ళో అందరి ముందూ 'చరిత్రలో ఈ రోజు' చెప్పమని హెడ్మాస్టరు దాన్ని ఎంచారు. మైకు ముందు నిలబడ్డం అదే మొదలు. పాపం, అన్నం తింటూ కూడా అదే గొణుక్కునేది. ముందురోజు సాయంత్రం అందర్నీ వరసగా కూచోబెట్టి అప్పజెప్పింది.

"నవంబరు తొమ్మిది మామూలు తేదీ కాదు! 1965లో ఇదే తేదీన అమెరికాలో న్యూయార్కుతో సహా ఎన్నో ఊళ్ళలో దాదాపు మూడు కోట్లమందికి కరెంటు పోయింది. 1989లో ఇదే తేదీన, ఒక ఊరిని రెండు ముక్కలు చేసిన బెర్లిన్ గోడ దారులు తెరుచుకున్నాయి. జనం సుత్తులు తెచ్చి గోడ పగలగొట్టడం మొదలెట్టారు. 2000లో ఇదే తేదీన ఉత్తరప్రదేశ్ నుంచి విడిపోయి కొత్త రాష్ట్రం పుట్టింది. అదే ఇప్పటి ఉత్తరాఖండ్!"

చప్పట్ల కోసం చూసింది. చప్పట్లెక్కడ? అందరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

"రేపు కరెంటు పోతాదా?" అంది నూకాలు.

"గోడ కూడానా?" అన్నాడు సన్యాసి.

"అవన్నీ ఎప్పుడో అయిపోయాయి చిన్నాన్నా!"

"ఓసి పిచ్చితల్లీ" అన్నాడు పైడిరాజు జాలిగా. "పోయినేడు దీపావళి అయిపోయిందని ఈ యేడు రాలేదా? తిథి వస్తే పండగ ఎలా వస్తాదో, తేదీ వస్తే దాని గోడా అలాగే వస్తాది."

నెత్తీ నోరూ కొట్టుకున్నా వింటారా! తెలివైనవాళ్ళాయె.

తెల్లారింది. నూకాలు ముందుగా లేచింది. పోయే కరెంటుని పోనిస్తే ఏం లాభం, పోయేలోగా వాడేసుకుందాం అనుకుంది. లైట్లు, ఫ్యాన్లు, గ్రైండరు, ఇస్త్రీపెట్టె అన్నీ వేసింది. చాలలేదు. పక్కింటివాళ్ళ హీటరు, ఎదురింటివాళ్ళ మోటారు అడిగి తెచ్చి తగిలించింది. ఇంకేముంది, ఢామ్మని వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పేలి ఊరంతటికీ కరెంటు పోయింది.

"సూశావా! అమ్మి సెప్పినట్టే పోయింది" అంది నూకాలు సంబరంగా.

ఇక గోడ. వంటింటికీ ముందుగదికీ మధ్య పాత మట్టిగోడ ఉంది. దాన్ని కాపాడాలని గవర్రాజు వంటింట్లోంచి నెట్టి పట్టుకున్నాడు. అటు పడిపోకుండా సన్యాసి ముందుగదిలోంచి నెట్టాడు. ఇద్దరూ చెమటలు కక్కుతున్నారు, గోడ మధ్యలో బిక్కుబిక్కుమంటోంది. ఇంతలో పైడిరాజు "సన్యాసీ, టీ తాగి పోరా" అని కేకేశాడు. సన్యాసి వదిలేసి వెళ్ళాడు. గవర్రాజుకి టీ సంగతి తెలీదు, నెడుతూనే ఉన్నాడు. అంతే! గోడా గవర్రాజూ కలిసి ముందుగదిలోకి వచ్చారు.

"తేదీ అంటే తేదీయే" అన్నాడు పైడిరాజు దుమ్ములో దగ్గుతూ. "ఇంకేటి మిగిలింది?"

"రాష్ట్రం" అంది నూకాలు. గోడ ఉన్నచోట ముగ్గుతో గీత గీసి, నడుమున చెయ్యేసుకుని అవతల నిలబడింది. "ఇటు నా రాష్ట్రం. ఎవరూ రాకూడదు."

అప్పుడు రవణమ్మ గీత దగ్గరికి పరిగెత్తింది. దాని బడి గౌను వంటింటి దండెం మీద ఉంది.

"అమ్మా, నా గౌను!"

"పరాయి రాష్ట్రానికి బట్టలెలా ఇస్తానే? అడగాల్సినట్టు అడగాల."

ఇంకేముంది, రాయబారాలు మొదలయ్యాయి. గౌనుకి బదులు కుర్చీ ఇస్తామన్నారు. కుర్చీ వద్దు, బల్ల కావాలంది. అటు బడిగంట మోగింది. రవణమ్మ గీత మీదే కూలబడి భోరుమంది. "వారంనుంచీ నేర్చుకున్నాను! నన్ను ఇంకెప్పుడూ పిలవరు!"

ఆ ఏడుపు చూసి నూకాలు తన రాష్ట్రాన్ని అక్కడే రద్దు చేసింది. గౌను తొడిగింది. పైడిరాజు పిల్లని భుజమ్మీద ఎక్కించుకుని, ఒళ్ళంతా మట్టితో బడికి లగెత్తాడు.

అక్కడ కరెంటు లేదు, మైకు పనిచెయ్యదు. వేదిక ఎక్కిన రవణమ్మకి నేర్చుకున్నది ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఎదురుగా మట్టికొట్టుకుపోయిన నాన్న కనిపించాడు. ఊపిరి బాగా పీల్చి గట్టిగా మొదలెట్టింది. "ఇవాళ మా అమ్మ ఊరంతటికీ కరెంటు పోగొట్టింది. మా చిన్నాన్న గోడ కూల్చాడు. మా వంటిల్లు వేరే రాష్ట్రమైంది!" పిల్లలు పడీపడీ నవ్వారు. దాంతో అసలు సంగతులూ గుర్తొచ్చాయి, న్యూయార్కూ బెర్లినూ ఉత్తరాఖండూ గడగడా చెప్పేసింది. "ఈ తేదీ ఇంక ఎవరైనా మర్చిపోతారా? ఏటేటా ఈ పిల్లనే పిలుద్దాం" అన్నారు హెడ్మాస్టరు. పైడిరాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

యేడాది తిరిగింది. మేస్త్రీ ఇటుకతో, సిమెంటుతో కొత్త గోడ కట్టి తెల్లగా సున్నం వేశాడు. మళ్ళీ నవంబరు తొమ్మిది వచ్చింది. రవణమ్మ సన్యాసితో బడికి వెళ్ళింది. ఇంట్లో మిగిలినవాళ్ళు గోడకేసి చూస్తూ కూచున్నారు. ఎంతకీ కూలదే!

"అక్కడ పిల్ల గోడ కూలిందని మైకులో సెప్తాది" అన్నాడు పైడిరాజు కంగారుగా. "ఇక్కడ ఇది రాయిలా నిలబడి ఉంది. నా కూతురు అబద్ధాలకోరు అనిపించుకోవాలా?"

అంతే, గునపాలు తీశారు. గోడ గట్టిది, వాళ్ళ ప్రేమ అంతకన్నా గట్టిది. చేతులు బొబ్బలెక్కాయి, చివరికి గోడ నేల కరిచింది. "అమ్మయ్య, పిల్ల పరువు దక్కింది" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇంతలో, బళ్ళో మాటలు వినడానికి వెళ్ళిన సన్యాసి రొప్పుతూ వచ్చాడు. "అన్నయ్యా! పోయినేడు కూలింది గానీ ఈ యేడు మా గోడ నిక్షేపంగా నిలబడి ఉందని సెప్పేసింది! సూడ్డానికి మేష్టారూ పిల్లలూ వచ్చేస్తన్నారు!"

ఇప్పుడు గోడ ఎక్కణ్ణించి తేవాలి? ఇంటి బుర్రలన్నీ ఒక్కసారి పనిచేశాయి. మిగిలిన సున్నం బకెట్టు నలుగురూ నెత్తిన గుమ్మరించుకున్నారు. గోడ ఉన్నచోట భుజం భుజం కలిపి, ఊపిరి బిగబట్టి వరసగా నిలబడ్డారు.

హెడ్మాస్టరు వచ్చారు. పిల్లలు వచ్చారు. "గోడేదమ్మా?" అన్నారు మేష్టారు.

రవణమ్మకి ఏడుపొచ్చేసింది. "నాన్నా... గోడేదీ?"

కూతురి గొంతు అలా వింటే పైడిరాజు తట్టుకోగలడా? "నువ్వు అబద్ధం ఆడలేదు తల్లీ. నిలబడే ఉన్నాను" అన్నాడు.

"గోడ మాటాడతాదా అన్నయ్యా!" అని గవర్రాజు మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. పైడిరాజు వెళ్ళి నూకాలు మీద పడ్డాడు, నూకాలు సన్యాసి మీద పడింది, సన్యాసి గవర్రాజు కాలు పట్టి లాగాడు. ఇంకేముంది, నవంబరు తొమ్మిది కదా, గోడ మళ్ళీ కూలింది.