చుక్కమ్మ పొడిచిన పురుగు

ముందు ఆ ఏడుకొండలవాడికి ఒక్క దణ్ణం పెట్టుకుందాం. పెట్టుకున్నారా? వెనక వరసలో పెద్దాయన ఒంటి చేత్తో పెట్టారు, రెండో చేతిలో ఫోనుంది. ఫర్వాలేదు బాబాయ్, స్వామి ఏమీ అనుకోడు. ఈ కథ ఫోను పట్టుకున్నవాళ్ళ కోసమే.

కొండవాలులో ఒక దొడ్డి. అందులో చుక్కమ్మ అని ఒక కోడిపెట్ట. స్వామి దయవల్ల పదకొండుమంది పిల్లలు. ఆ దొడ్డి మామూలు దొడ్డి కాదండోయ్, గడ్డివాము పక్కన కంప్యూటరున్న దొడ్డి! కోళ్ళగూటి తలుపూ, పక్కనే కాపలాకుక్క వీరడి గది తలుపూ దానితోనే తెరుస్తారు, మూస్తారు. ఏ తలుపు పాస్‌వర్డ్ కొడితే ఆ తలుపు తెరుచుకుంటుంది, ఫోన్లోంచి కొట్టినా సరే. ముక్కుతో టకటకా మీటలు కొట్టడం చుక్కమ్మకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. అందుకని కంప్యూటరు పెత్తనం తనదే.

మిట్టమధ్యాహ్నం గద్దలు తిరిగే వేళకి పిల్లల్ని గూట్లో పెట్టి తలుపు మూసేది. ఆ వేళకి వీరడూ గదిలోనే. పాలవాణ్ణి రెండుసార్లు కరిచిన ఘనుడు, పగలు బయటికి వదలరు.

ఇదంతా కొండమీంచి గమనించినవాడు ఒకడున్నాడు. ఎవరు? గట్టిగా చెప్పండమ్మా! ఆఁ, గుంటనక్కే.

ఒకరోజు పిల్లల్ని లోపల పెట్టి కంప్యూటరు ముందు కూర్చుంది చుక్కమ్మ. తెర మీద ఓ మూల ఎర్రగా, లావుగా, మెలికలు తిరుగుతూ వానపాము బొమ్మ! కోడి అన్నాక కదిలేది కనబడితే ఆగుతుందా? టక్కున పొడిచింది. వానపాము మాయం. ముక్కు నొప్పి మిగిలింది. ఆపైన తెర మీది బాణం గుర్తు ఎవరూ ముట్టుకోకుండానే అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది.

"నందన్నా! ఇది దానంతటదే ఆడుతోంది!"

ఎద్దు నందన్న నెమరేస్తూనే తల తిప్పాడు. "ఏం చేశావు తల్లీ?"

"ఏమీ చెయ్యలేదు."

"ఏమీ చెయ్యకుండానే?"

"చిన్న పురుగన్నా. ఒక్క పోటు. అంతే."

"ఎవరు పంపారో చూశావా?"

"పురుగుని పట్టుకుని నీ ఊరేది, పేరేది అని ఎవరైనా అడుగుతారా?"

అంతలో ఫోను మోగింది. పైన, కంప్యూటరు బిగించి వెళ్ళిన పట్నం నెమలి ఫొటో.

"నమస్కారం మేడమ్ గారూ! కంప్యూటరు కంపెనీ నుంచి నెమలి ఇంజనీరునండీ. మీ కంప్యూటరు ప్రమాదంలో పడింది. పది నిమిషాల్లో బాగుచెయ్యకపోతే గూటి తలుపు ఇక తెరుచుకోదు. లోపల పిల్లలున్నారు కదండీ, పాపం! గూటి పాస్‌వర్డ్ చెప్పండి, ఇక్కణ్ణుంచే బాగుచేసేస్తా."

గూట్లో పదకొండుమందీ కిచకిచమంటున్నారు. పాస్‌వర్డ్ చుక్కమ్మ నాలుక చివరిదాకా వచ్చేసింది. నందన్న కొమ్ముతో ఫోనుని గడ్డిలోకి నెట్టాడు.

"ఆగు. నాకైతే ఏదైనా రెండోసారి నమిల్తే గానీ ఒంటబట్టదు."

"నువ్వు ఎద్దువి, నీకు తీరిక. నాకు నెమరెక్కడిదన్నా?"

"కందనకాయ లేదూ? అందులోకి రాళ్ళెందుకు ఏరుకు మింగుతావు? ఎంత గట్టి గింజైనా అక్కడ నలగాల్సిందేగా. ఈ మాటనీ ఓసారి నలిపి చూడు."

నలిపింది. అవును, పిల్లలు గూట్లో ఉన్న సంగతి పట్నంలో ఉన్న నెమలికెలా తెలుసు? పది నిమిషాల గడువు పెట్టిందెవరు? అసలు కంప్యూటరు బిగించిన రోజు "పాస్‌వర్డ్ నాక్కూడా చెప్పొద్దమ్మా" అన్నది ఆ నెమలే కదా!

గడ్డిలోంచి ఫోను లాగింది. "ఇంజనీరు గారూ, పాస్‌వర్డ్ మర్చిపోయానండీ. ఎక్కడో రాసి పెట్టాను. వెతుక్కుని అరగంటలో చెప్తా."

"పది నిమిషాలే ఉందండీ!"

"కాస్త సాగదీయండి బాబూ, మీరు పెద్దవారు," అని పెట్టేసింది.

ముందు ఇంటర్నెట్ వైరు ముక్కుతో పీకేసింది. బాణం గుర్తు ఆగిపోయింది. తర్వాత కంప్యూటరు పెట్టె మీద ఉన్న నంబరుకి తనే ఫోను చేసింది. అసలు నెమలి ఎత్తాడు.

"నేనెవరికీ చెయ్యలేదమ్మా! వైరు పీకేశావా? బంగారం లాంటి పని చేశావు. పురుగు వెంట వచ్చిందంతా తీసేసి, యాంటీవైరస్ నడిపించి, అప్పుడు వైరు పెట్టు. పాస్‌వర్డ్ మార్చు. ఇప్పుడున్నది ఎలాగూ పోయేదేగా, ఇంతకీ ఏం పెట్టావు?"

"కొక్కొక్కొ."

"అమ్మా! లోకంలో ప్రతి కోడీ దాన్ని రోజుకు వందసార్లు అరుస్తుంది గదమ్మా!"

సిగ్గుతో రెక్కలో తల దూర్చింది చుక్కమ్మ. నెమలి చెప్పినవన్నీ చేసి, గూటికి బారెడు పొడుగున్న కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. అదేమిటని నన్నడక్కండి, నాకూ చెప్పలేదు.

"నందన్నా, పాతది పారెయ్యడమెందుకు? వీరడి గదికి పెడితే?"

నందన్న నమలడం ఆపేశాడు. పుట్టాక అదే మొదటిసారి.

అరగంటకి ఫోను మోగింది. "దొరికిందాండీ?"

"దొరికిందండీ. కొక్కొక్కొ."

అప్పటికే గూటి ముందుకు చేరిన నక్క, లొట్టలేస్తూ ఫోన్లో పాస్‌వర్డ్ కొట్టాడు. టక్! గూటి తలుపు కదల్లేదు. పక్క తలుపు తెరుచుకుంది.

"మేడమ్ గారూ! తప్పు తలుపు తెరుచుకుందండీ!"

"తప్పేం కాదు ఇంజనీరు గారూ, మీకోసం తెరిచిందే!"

వీరడు బయటికొచ్చి ఒళ్ళు విరుచుకున్నాడు. తర్వాత జరిగింది చెప్పడానికి నాకు నోరు చాలదు. నక్క కొండెక్కాడు గానీ, తోకలో సగం, ఫోను మొత్తం దొడ్లోనే వదిలేసి వెళ్ళాడు. గోవిందా గోవింద!

నీతి ఏమిటయ్యా అంటే: తొందరపెట్టేవాడు ఎవరి ఫొటో పెట్టుకుని వచ్చినా, మన తలుపు తాళం వాడి చేతికివ్వకూడదు.