తుడిచేసిన పలక

ఒకప్పుడు ఆ ఇంట్లో దీపాలు పెట్టే వేళకు చారుమతి గుణింతాలు వినిపించేవి. ఇప్పుడు వినిపించవు.

చారుమతి తండ్రి వామనమూర్తి పాలకొండలో బడిపంతులు. మంచివాడే కాని, పలక మీద ఒక్క తప్పు కనబడినా ఓర్చుకోలేకపోయేవాడు. ఆయన దస్తూరి ముత్యాల్లా ఉండేది. కూతురి అక్షరాలూ అలాగే ఉండాలని పట్టుబట్టేవాడు. తప్పు కనబడగానే తడిగుడ్డతో పలకంతా తుడిచి, "మళ్ళీ మొదటినుంచి రాయి" అనేవాడు.

తల్లి సుభాషిణి పద్ధతి వేరు. ఆమె పళ్ళెంలో బొంబాయి రవ్వ పరిచి, పాపచేత వేలితో రాయించేది. తప్పు వస్తే చెరిపేది కాదు. "రాసింది పైకి చదువు తల్లీ" అనేది. పాప కూడబలుక్కుని చదివి, నాలుక కరుచుకుని, "అయ్యో, దీర్ఘం మరిచిపోయాను!" అంటూ తనే పెట్టుకునేది.

"ఇలా అయితే దానికి ఎప్పటికి వస్తుంది?" అని వామనమూర్తి విసుక్కునేవాడు.

"దాని చెవే దానికి చెబుతుందండీ. మీరు కాస్త ఆగండి" అని సుభాషిణి నవ్వేది.

ఆ వానాకాలంలో ఆమె జబ్బుపడి ఆసుపత్రిలో చేరింది. చిన్నపిల్లలను లోపలికి రానివ్వరు. అందుకని చారుమతి పలక మీద రాసి, అమ్మకు చూపించమని తండ్రికి ఇచ్చింది. "అమ తొదరగ ర" అని ఉంది.

"సున్న ఏది? దీర్ఘాలేవి? ఇది చూస్తే అమ్మ నవ్వదూ?" అంటూ ఆయన తడిగుడ్డ అందుకున్నాడు.

"నవ్వితే మంచిదే కదా నాన్నా?" అంది చారుమతి.

ఆయన వినిపించుకోలేదు.

ఆ సాయంత్రం సుభాషిణి ఆయన చేతిసంచీ వైపు చూసింది. "పాప ఏమైనా రాసిందా?"

"రాసింది. అన్నీ తప్పులే. సరిగా రాశాక తెస్తాను."

"తప్పులతోనే తీసుకురండి. చూడాలని ఉంది."

"రేపు తెస్తాలే."

మర్నాడు కూడా ఒక దీర్ఘం తప్పింది. పలక మళ్ళీ తడిసింది. ఆ తరువాతి తెల్లవారుజామున సుభాషిణి కన్నుమూసింది.

కర్మలన్నీ ముగిశాక వామనమూర్తి కూతురి ముందు కూర్చున్నాడు. "నీకు తోచింది రాయమ్మా. నేను తుడవను" అన్నాడు. పాప ఏదో రాసింది. ఆయన వంగి చూసేలోపే తడిగుడ్డతో తనే తుడిచేసింది.

"తప్పు వచ్చింది నాన్నా" అంది, కంట తడి లేకుండా.

ఎన్నిసార్లు బతిమాలినా అంతే. ఆ పిల్ల ఏమి రాసిందో ఆయనకు ఎన్నడూ తెలియలేదు.

సుభాషిణి ఆసుపత్రిలో చేరడానికి బయలుదేరిన ఉదయం ఆయనకు పదేపదే గుర్తుకు వచ్చేది. ఆ వేళ చారుమతి పళ్ళెంలో "ఉప్మ" అని రాసి, చదువుకుని, చివర దీర్ఘం పెట్టింది. సుభాషిణి గోడకు ఆనుకుని నిలబడి, ఆ రవ్వనే మరుగుతున్న ఎసట్లో పోసింది. "అయ్యో, నా అక్షరాలు!" అని పాప కేకపెట్టింది. "ఎక్కడికీ పోవు, నీ కడుపులోకే వస్తాయి" అంది తల్లి. ఆయన కూడా ఆ పూట ఏ తప్పూ ఎంచలేదు. ముగ్గురూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని వేడివేడిగా తిన్నారు.

పిల్లలు రాసినదానిలో తప్పు వెతికే ముందు వాళ్ళు చెప్పదలచినది చదవాలి; చదవకుండా తుడిచేసిన మాట మళ్ళీ దొరకదు.