జకరయ్య రేవు

గోదారి ఇప్పుడున్న చోట ఊళ్ళూ, ఊళ్ళున్న చోట గోదారీ ఉన్న కాలం అది. అప్పట్లో ఏటి మధ్యన ఒక లంక ఉండేది. లంకలో నలభై గుడిసెలు, ఒక తాటాకుల గుడి. ఆ గుడిలో ఏసుప్రభువుని కొలిచేవాళ్ళు. లంకకీ గట్టుకీ మధ్య ఒకటే పడవ తిరిగేది. దాన్ని జకరయ్య నడిపేవాడు.

జకరయ్య పేదవాడు. పొలం లేదు, పశువు లేదు. మాట తక్కువ, కోపం ఎక్కువ.

అదే లంకలో రాహేలమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఒక్కగానొక్క కూతురు తబితని గట్టుమీది ఊరికిచ్చి, తను ఒంటరిగా బతికేది. ఎవరి తప్పు కనబడినా మొహమ్మీదే అనేసేది. ఒక ఆదివారం గుడిలో అందరి ముందూ, "ప్రభువు బల్ల దగ్గరికి కల్లు వాసనతో వస్తావురా?" అని జకరయ్యని నిలదీసింది. జకరయ్య తలదించుకుని బయటికి పోయాడు. ఆ మాట మాత్రం మనసులోంచి పోలేదు.

ఆ ఏడు శ్రావణంలో వరదొచ్చింది. పొద్దున రేవు మెట్టు కింద ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి గుడిసెల్లోకొచ్చాయి. జకరయ్య మొదటి విడత పిల్లల్ని దాటించాడు. రెండో విడత ఆడవాళ్ళని దాటించాడు. మూడో విడత మిగిలినవాళ్ళంతా ఎక్కారు. పడవ కదిలింది. అప్పుడు లంక ఆ చివర్నించి పిలుపు వచ్చింది.

"జకరయ్యా, నేనున్నానురా."

మేకని విప్పడానికి వెళ్ళి రాహేలమ్మ వెనకబడిపోయింది. పడవ ముందు కూర్చున్నవాళ్ళకి నీళ్ళ హోరులో ఏమీ వినబడలేదు. వెనక తెడ్డు పట్టుకున్న జకరయ్యకి వినబడింది. పడవలో ఇంకో మనిషికి చోటుంది. నాలుగు తెడ్లు వెనక్కి వేస్తే చాలు. జకరయ్య అనుకున్నాడు: కాసేపు ఏడవనీ. మళ్ళీ వచ్చి తీసుకెళ్తాను.

"జకరయ్యా, నేనున్నానురా."

ఇప్పుడు తిప్పడం కొంచెం కష్టం. అయినా తిప్పొచ్చు. తిప్పలేదు.

"జకరయ్యా, నేనున్నానురా."

ఆ మూడో పిలుపు సన్నగా వచ్చింది. జకరయ్య వెనక్కి చూడలేదు.

గట్టున అందర్నీ దించి పడవ తిప్పాడు. వరద దాన్ని తిరిగి గట్టుకే కొట్టింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ కొట్టింది. మూడోసారి తోసేసరికి లంక లేదు. తాటిచెట్ల తలలు మాత్రం కనబడుతున్నాయి.

నీళ్ళు తీశాక ఎంత వెతికినా రాహేలమ్మ దొరకలేదు. లంకవాళ్ళు గట్టుమీదే గుడిసెలూ, ఒక గుడీ వేసుకున్నారు. ఊరి ప్రాణం కాపాడినవాడని జకరయ్యకి కొత్త పంచె పెట్టారు. జకరయ్య ఆ పంచె కట్టలేదు. సంఘపెద్ద దగ్గరికి పోయి, "ముసలమ్మ పిలిచింది. నేను విన్నాను," అన్నాడు.

సంఘపెద్ద మంచివాడు. "ఆవిడ గడువు తీరిందిరా. నువ్వు తిప్పినా ఆగేది కాదు," అన్నాడు.

"గడువు సంగతి నాకు తెలీదండి. తెడ్డు నా చేతిలోనే ఉంది," అన్నాడు జకరయ్య.

ఇంటికొచ్చి పెళ్ళాం ఎస్తేరుకి చెప్పాడు. ఆవిడ ఏడ్చి, "నువ్వు అలాంటోడివి కాదు మావా. ఆ పూట సైతాను నీ చేత చేయించాడు," అంది.

"సైతాను చెవిలో చెప్పే ఉంటాడు. తెడ్డు నా చేతిలోనే ఉంది."

ఆఖరికి గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి దగ్గరికి పోయాడు. ఉపదేశి కళ్ళు మూసుకుని, "ఏది జరిగినా దేవుని చిత్తమే జకరయ్యా," అన్నాడు.

"ముసలమ్మని వదిలెయ్యమని దేవుడు నాతో అనలేదయ్యా. తెడ్డు నా చేతిలోనే ఉంది. నేను నరకానికే పోతానా?"

ఉపదేశికి తన మాట మీద తనకే సిగ్గేసింది. "తప్పు చెప్పాను," అన్నాడు. "దేవుడు ఎవర్నీ అక్కడికి నెట్టడు. పోయేవాడు తన కాళ్ళతోనే పోతాడు. వెనక్కి రమ్మని ఆయన పిలుస్తూనే ఉంటాడు. తిరగడం మన పని."

"పిలిస్తే తిరగనివాణ్ణే కదయ్యా నేను," అన్నాడు జకరయ్య.

ఆ ఆదివారం గుడిలో నిలబడి జరిగిందంతా చెప్పాడు. పంచె పెట్టినవాళ్ళు కూడా మొహం తిప్పుకున్నారు. తర్వాత తబిత ఇంటికి పోయాడు. తలుపు తియ్యలేదు. రెండో ఆదివారం పోయాడు, మూడో ఆదివారం పోయాడు. వానలో తడుస్తూ గుమ్మం ముందు నిలబడి, తిరిగొచ్చాడు. ఆ తడికే జ్వరం పట్టింది.

జ్వరం ముదిరాక ఎస్తేరు తబిత దగ్గరికి పరుగున పోయి, "ఒక్కసారి రామ్మా. నీ నోటి మాట వినాలంటున్నాడు," అంది.

"వస్తాలే," అంది తబిత.

వడ్లు దంచుతోంది. దంచడం ఆపలేదు. దంచినవి చెరిగింది. వాకిలి అలికింది. 'కాసేపు ఎదురుచూడనీ' అనుకుంది. పొద్దు వాలుతుండగా బయల్దేరి వెళ్ళేసరికి జకరయ్య మొహం మీద గుడ్డ కప్పి ఉంది.

"నీకోసం గుమ్మంకేసి చూస్తూ పోయాడు," అంది ఎస్తేరు.

పక్కనున్నవాళ్ళు, "నువ్వేం చేస్తావమ్మా, గడియ అలా వచ్చింది," అన్నారు తబితతో.

తబిత కిందే కూర్చుండిపోయింది. "కబురు నాకు అందింది. నడిచి రాగలను. రాలేదు," అంది.

అలాంటివాణ్ణి సమాధుల తోటలో పెట్టొద్దని కొందరు అడ్డం పడ్డారు. ఉపదేశి, "వాడు చివర్లో ఎటు తిరిగాడో చూసినవాళ్ళు మనలో లేరు," అన్నాడు. అయినా వాళ్ళు ఒప్పుకోలేదు. రేవు పక్కనే గుంట తీశారు. మొదటి పిడికెడు మట్టి తబిత వేసింది.

మర్నాడు కొత్త పడవవాడు కట్టు విప్పబోతుంటే తబిత రేవులో నిలబడి ఉంది.

"వెనక్కి తిరిగి పిలు," అంది.

"ఎవర్నమ్మా? ఎవరూ లేరు."

"ఉన్నారో లేదో పిలిస్తే కదా తెలిసేది."

వాడు పిలిచాడు. ఆవిడ చాలదంది. ఇంకోసారి పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. బతికినన్నాళ్ళూ ఆవిడ రోజూ రేవుకొచ్చి పిలిపించింది.

జకరయ్య పరలోకంలో ఉన్నాడా, నరకంలో ఉన్నాడా అని పిల్లలడిగితే ఆ ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ తెలీదనే అంటారు. ఆ రేవుని జకరయ్య రేవంటారు. ఇప్పుడక్కడ ఇంజను పడవలు తిరుగుతాయి. ఎంత తొందర ఉన్నా బయల్దేరే ముందు పడవవాడు గట్టువైపు తిరిగి, "ఎవరన్నా ఉన్నారా?" అని మూడుసార్లు పిలుస్తాడు. పిలిచి వెంటనే ఇంజను వెయ్యడు. పడవలో ఎవరూ మాట్లాడరు. చంకలో పిల్ల ఏడిస్తే తల్లి పాలకి పెట్టుకుంటుంది. అంతా గట్టువైపే చూస్తూ, కాసేపు వింటారు.