చెలమ దగ్గర నల్లరాళ్ళు

ఎండలు ముదిరాయంటే చాలు, ఎర్రకొండ అడవిలో వాగు ఇసుకను వదిలేసి తాను మాయమైపోతుంది. అప్పుడిక చెలమలే దిక్కు. ఇసుకలో గుంట తవ్వితే అడుగున ఊరే నీళ్ళు, తవ్వినవాడి ఓపిక కొద్దీ దక్కుతాయి. ప్రతి చెలమ పక్కనా ఒక రాళ్ళకుప్ప ఉంటుంది. తాగినవాళ్ళు నీళ్ళు బాగుంటే తెల్లరాయి, బాగాలేకపోతే నల్లరాయి తెచ్చి పెట్టి పోవాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ కుప్పను చూసి తాగాలో వద్దో తేల్చుకుంటారు. తాతలనాటి కట్టుబాటు అది. అబద్ధపు రాయి పెట్టవచ్చన్న ఆలోచన అప్పటిదాకా ఎవరికీ రాలేదు.

చుక్కమ్మ అనే దుప్పి తన కూనను వెంటబెట్టుకుని రోజూ ఏదుపంది తాత చెలమకు వెళ్ళేది. తాతకు ఒంటినిండా ముళ్ళు, మాటనిండా ముళ్ళు. కానీ ఇసుక తోడడంలో ఆయనకు సాటి లేరు. పొద్దు పొడవకముందే గుంటలో దిగి, పూడిన ఇసుకంతా ఎత్తిపోసేవాడు. నీళ్ళు తేటగా, తియ్యగా ఉండేవి. కుప్పనిండా తెల్లరాళ్ళే.

ఒకరోజు నక్కబావ వచ్చి, తాగడం అయ్యాక ముందుకాళ్ళు రెండూ నీళ్ళలో పెట్టాడు.

"తియ్యి కాళ్ళు! తాగే నీళ్ళలో కాళ్ళు కడుగుతావా? మీ ఇంట్లో ఎవరూ బుద్ధి చెప్పలేదా?" అని తాత అందరిముందూ కసిరాడు.

నక్కబావ మొహం మాడ్చుకుని వెళ్ళి, సాయంత్రంలోగా అడవంతా చుట్టబెట్టాడు.

"నన్నొక్కణ్ణీ అంటే పోనిద్దును. మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా అన్నాడు. అంటే మా అమ్మను అన్నట్టు కాదూ? ఇవాళ మా అమ్మ, రేపు మీ అమ్మ!"

"అయితే ఏం చేద్దామంటావు?" అన్నాయి కోతులు.

"మన చేతిలో ఏముంది? రాయి ఉంది."

మర్నాడు పొద్దున్నే కోతులు ఒడినిండా నల్లరాళ్ళతో దిగాయి. ఆ కోతుల్లో సగం ఆ చెలమ మొహమైనా చూసినవి కావు. వెనకే అడవిపందులు, కుందేళ్ళు. ఎందుకని అడిగితే, అందరూ పెడుతున్నారుగా అన్నదే జవాబు.

చుక్కమ్మ గట్టుమీద నిలబడి చూస్తోంది. ముందురోజు కూడా అక్కడే కడుపునిండా తాగింది.

"ఏం వదినా, నువ్వు ముసలాడి పక్షమా?" అన్నాడు నక్కబావ.

"నాకెందుకయ్యా పక్షాలు!" అంటూనే ఒక నల్లరాయి వెతికి, నోట కరుచుకొచ్చి పెట్టింది. నలుగురితో నారాయణ, గుంపులో గోవిందా.

"అమ్మా, నిన్న మనం తాగిన నీళ్ళు బాగున్నాయి కదా?" అంది కూన.

"నువ్వూరుకో. ఒక్క రాయేగా" అంది చుక్కమ్మ. అక్కడ చాలామంది అనుకున్నదీ అదే.

తాత వచ్చి కుప్ప చూశాడు. తెల్లరాళ్ళు ఎక్కడో అడుగున పడిపోయాయి. ఆయన ఎవర్నీ తిట్టలేదు. చుక్కమ్మ దగ్గరకు మాత్రం వచ్చాడు.

"నీళ్ళు బాగాలేవా తల్లీ?"

"నీళ్ళకేం తాతా, బాగానే ఉన్నాయి. నీ నోరే..."

"రాయి నీళ్ళకు కదమ్మా పెట్టేది" అన్నాడు. ఆమె తల పక్కకు తిప్పుకుంది.

ఆ పూటనుంచి కొత్తవాళ్ళు నల్లకుప్పను చూసి ఆమడ దూరం నుంచే వెనుదిరిగారు. పాతవాళ్ళు సిగ్గుతో రాలేదు. నాలుగురోజులు చూసి, తాత కొండ అవతలికి వెళ్ళిపోయాడు. తోడే దిక్కులేక చెలమ పూడిపోయింది. నక్కబావ కోపమంటారా, అది రాళ్ళు పడిన రోజు సాయంత్రానికే చల్లారిపోయింది.

నీళ్ళు వెతుక్కుంటూ చుక్కమ్మ, కూన వాగు వెంబడి చాలాదూరం నడిచారు. మిట్టమధ్యాహ్నానికి దిగువ మలుపులో ఒక చెలమ కనబడింది. దాని పక్కన నల్లరాళ్ళ కుప్ప.

కూన ఆగిపోయింది. "అమ్మా, అన్నీ నల్లరాళ్ళే!"

"నల్లరాళ్ళు ఎలా పడతాయో నాకు తెలీదటే? ఎవడో ఎవడిమీదో కసి తీర్చుకుని ఉంటాడు. అవన్నీ నమ్ముకుంటే నాలుక పిడచగట్టి చస్తాం. తాగు."

గుంటలో ఉన్నవి నాలుగు గుక్కలు. తల్లి కదా, ముందు బిడ్డను తాగమంది. కూన చివరి చుక్కదాకా తాగి, చేదుగా ఉన్నాయమ్మా అంది. ఊటనీళ్ళు అలాగే ఉంటాయిలే అంది తల్లి.

పైన విషముష్టి చెట్టుంది. దాని కాయలు రాలి గుంటలోనే కుళ్ళాయి. పొద్దు వాలకముందే కూన కాళ్ళు బిగుసుకుపోయాయి. చుక్కమ్మ నాకుతూనే ఉంది, పిలుస్తూనే ఉంది. కూన మళ్ళీ లేవలేదు.

ఆ అరుపులు విని ముసలి కణుజు జింక ఒకతె కుంటుకుంటూ వచ్చింది.

"నల్లరాళ్ళు కనబడలేదా అమ్మాయ్?"

"కనబడ్డాయి అత్తా."

"మరి?"

"నమ్మలేదు. ఎవరో కసితో పెట్టారనుకున్నా."

"కసేమిటే? అందులో ఒకటి నేను పెట్టిందే. నా మనవడు ఇక్కడే పోయాడు. ఇంకో బిడ్డ పోకూడదని ఈ కాలితోనే రాయి మోసుకొచ్చా. అబద్ధపు రాయి ఎవరైనా ఎందుకు పెడతారే?"

"నేను పెట్టాను అత్తా" అంది చుక్కమ్మ, ఏడుస్తూ. "తియ్యటి నీళ్ళు తాగి, నల్లరాయి పెట్టాను."

ఇంతలో గట్టుమీద కలకలం. నాలుక బయటపెట్టుకుని కోతులు, వెనక నక్కబావ. గుంటలో మళ్ళీ గుక్కెడు ఊరింది.

"ఓహో, నల్లరాళ్ళా! మాకు తెలీని రాళ్ళా!" అని నవ్వుతూ ఒక తల్లికోతి పిల్లను దింపింది. చుక్కమ్మ చెలమకు అడ్డంగా నిలబడింది.

"తాగకండి. ఈ రాళ్ళు నిజం."

"నువ్వు చెబితే నమ్మాలా? ఆ రోజు నువ్వూ పెట్టినదానివేగా!"

చుక్కమ్మ పక్కకు జరిగి, వెనక పడి ఉన్న కూనను చూపించింది. కోతి పిల్లను గుండెకు కరుచుకుంది. ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. రాయి చెప్పాల్సిన మాటను ఆ రోజు బిడ్డ శవం చెప్పింది.

నీతి: కసితో చెప్పిన చెడు, రేపు ప్రాణం కాపాడే హెచ్చరికను కూడా నమ్మనివ్వదు.