సెలీనియమ్మ ఎర్ర చీర

ఒకప్పుడు సెలీనియమ్మది ఎర్ర చీర. రాగి దొరికే చోటే, భూమి కడుపులో, ఆవిడ కాపురం. అక్కడంతా చీకటి. ఆ ఎరుపు ఎవరూ చూసింది లేదు. ఆవిడ చెప్పింది, చుట్టాలు నమ్మారు.

చీర పెట్టింది మేనమామ చందమామ. ఎప్పటికైనా కొండ పగిలితే పైకి వెళ్ళి, ఆ చీరలో మామకి కనబడాలి. సెలీనియమ్మకి ఉన్నది ఆ ఒక్క కోరికే.

ఇటు గోడకి అన్న గంధకం ఇల్లు. కన్నతల్లి వచ్చినా తలుపు తీయడు. అటు గోడకి రాగి బాబాయి ఇల్లు. ఎవరొచ్చినా "రండి, రండి" అంటాడు, పేరు కూడా అడగడు. సెలీనియమ్మ మాత్రం పద్ధతి తెలిసిన మనిషి. అడుగుతుంది, జవాబు నచ్చితే తీస్తుంది.

ఒకరోజు తలుపు దడదడలాడింది.

"ఎవరూ?"

"మిణుగురుని, అక్కా. చలేస్తోంది. మీ ఇంట్లోంచి రాగి బాబాయి దగ్గరికి పోతాను."

"తీయకే," అన్నాడు గోడ అవతలనుంచి గంధకం. "మిణుగురు తలుపు కొడితే చప్పుడే రాదు."

"చలి అన్నవాళ్ళని గుమ్మంలో నిలబెట్టడం నీకు అలవాటన్నా, నాకు కాదు."

తీసింది. వచ్చింది పిడుగు.

రాగి బాబాయి ఇంటికన్నది మాత్రం అబద్ధం కాదు. అటే పోయాడు. నిప్పులు కక్కుతూ, నట్టింట్లోంచి, చెప్పులు కూడా విప్పకుండా.

సెలీనియమ్మ చీర తడిమి చూసుకుంది. పొడిలా మెత్తగా ఉండేది, రాయిలా గట్టిపడింది.

"నేను చెప్పలేదూ?" అన్నాడు గంధకం. అప్పట్నుంచి ఆ మాట రోజూ అంటూనే వచ్చాడు.

ఆవిడ గడియ వేసుకుంది. మరి తీయలేదు.

కొన్నాళ్ళకి కొండ పగిలింది. పొద్దున్నే వెలుతురు నేరుగా ఒంటిమీద పడింది. చూసుకుంటే చీరంతా బూడిద రంగు. పైన చందమామ ఇంకా దిగిపోలేదు, వెలవెలబోతూ ఉన్నాడు. సెలీనియమ్మ మొహం తిప్పుకుంది.

"చీర పాడుచేశాను, మామా."

చందమామ చీరకేసి చూశాడు. "నా రంగే కదమ్మా," అన్నాడు.

అంతలో గుమ్మం ముందు ఎవరో దగ్గారు. పిడుగు. వెలుతురులో చూస్తే అంత పెద్దవాడేం కాదు.

"అక్కా, బాబాయి దగ్గరికి పోవాలి. మీ ఇల్లు తప్ప దారి లేదు."

"మొహం ఇటు తిప్పు."

తిప్పాడు.

"నిప్పు బయట పెట్టు. ఇప్పుడు నడు. పరిగెత్తావా, తలుపు నీ ముక్కు మీదే వేస్తాను."

"ఆనాటి చీర సంగతి..."

"దాని మాట ఎత్తకు."

వాడు తలొంచుకుని నడిచిపోయాడు.

"మళ్ళీ తీశావూ?" అన్నాడు గంధకం.

"మొహం కనబడింది, తీశాను. చీకటిలో వస్తే వాడు కాదు, వాడి తాత వచ్చినా తీయను."

అప్పటినుంచే సెలీనియం అనే మూలకం చందమామ రంగులో ఉంటోంది. పిడుగు చుట్టమైన కరెంటు వస్తే, వెలుతురు ఎంత ఉంటే తలుపు అంత బారుగా తీస్తుంది. చీకటి పడితే గడియ బిగిస్తుంది. దాన్ని నిప్పులో వేస్తే కుళ్ళిన ముల్లంగి కంపు కొడుతుంది. చీర సంగతి మరిచిపోయిందని ఎవరైనా అనుకుంటారేమోనని.